ముందు సీట్ల మంచినీళ్ళ కుండ

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ముసలివాళ్ళను తీర్థయాత్రలకు తీసుకెళ్ళడం. డెబ్బైల మొదట్లో సంగతి. వర్క్‌షాపుల్లో ఖాళీలు లేవు. ఉన్నచోట డిప్లొమా చూసే ముందు మాది ఏ జిల్లా అని అడిగేవారు. మాది కృష్ణా జిల్లా. యాభైయారులో నాన్న ఆఫీసు కర్నూలు నుంచి కదిలినప్పుడు మేమూ హైదరాబాదు కదిలి వచ్చి నాంపల్లిలో కిరాయింట్లో దిగాం. నాకప్పటికి అక్షరాలు కూడా రావు. చదువంతా ఇక్కడే సాగింది. అయినా ఆ ప్రశ్నకు నా జవాబు మారేది కాదు.

యాత్రల కంపెనీ ఆఫీసు ఆబిడ్స్‌లో, ఒక ఫోటో స్టూడియో పైన ఉండేది. యజమాని గుంటూరువైపు మనిషి. రెండు బస్సులుండేవి ఆయనకు. అరవై దాటినవాళ్ళకు మాత్రమే టిక్కెట్టు. భద్రాచలం, శ్రీశైలం, తిరుపతి. రాత్రికి సత్రంలో బస, వెంట వంటాయన, మందుల పెట్టె. నన్నెందుకు తీసుకుంటున్నాడో మొదటిరోజే చెప్పేశాడు.

"బస్సు ఆగిపోయినా చూసుకుంటావు, ముసలాళ్ళు ఆగిపోయినా చూసుకుంటావు. ఇద్దర్ని పెట్టుకునే పని తప్పిందయ్యా నాకు."

నన్ను 'ఇంజనీరూ' అని పిలిచేవాడు. అందులో ఎంత వెటకారం ఉందో తేల్చుకోవడం నాకు చాలాకాలం కుదరలేదు.

పని పద్ధతిగా చేశానని ఇప్పటికీ చెప్పుకోగలను. ఎవరికి ఏ మందు, ఏ పూట, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరికి చెవి వినపడదు, ఏ చెవి, ఎవరికి ఎవరితో మాటల్లేవు, కాబట్టి ఎవర్ని పక్కపక్కన కూర్చోబెట్టకూడదు, అన్నీ గుర్తుపెట్టుకునేవాణ్ణి. సత్రం ఖాళీ చేసే ముందు గదులన్నీ నేనే తిరిగి చూసేవాణ్ణి. పళ్ళసెట్టు గూట్లో, కళ్ళజోడు నూతి గట్టు మీద, మడిపంచె దండెం మీద, ఉబ్బసం మాత్రలు తలగడ కింద: మరిచిపోయే వస్తువులకు మరిచిపోయే చోట్లు ఉంటాయని నెలలోపే అర్థమైంది. బస్సు కదిలేముందు మనుషుల్ని లెక్కపెట్టడానికి తలలు చూసేవాణ్ణి కాదు, తలలు ఒకచోట ఉండవు. చేతికర్రలు, సంచులు, చెంబులు చూసుకునేవాణ్ణి. చెంబు సీటు మీద ఉండి మనిషి లేకపోతే ఎక్కడో ఆంజనేయస్వామి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నట్టు.

సీట్ల ఏర్పాటు నాకంటే ముందునుంచీ ఉన్నది. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. మొగుడూ పెళ్ళాలైనా అంతే. ముందొక మంచినీళ్ళ కుండ, వెనకొకటి. కుళాయి బిగించిన మట్టికుండలు, ఇక్కడివాళ్ళు రంజన్ అంటారు. బస్సు కుదుపులకు పగిలిపోతుంటే వాటికి చెక్క చట్రం గీసిచ్చి వడ్రంగి చేత చేయించాను. ముందు కుండలో నీళ్ళు పోసేది వంటాయనే, కుళాయి తిప్పుకోవడం తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు, మడి పట్టింపు ఉన్నవాళ్ళుండేవారు.

నేను చేరిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం, భద్రాచలం దారిలో, ఒక పెద్దావిడ సీట్లోంచి పక్కకు ఒరిగిపోయింది. ఆవిడ భర్త రిటైరైన ఆఫీసు సూపరింటెండెంటు, వెనక సీట్లలో రాజకీయాలు మాట్లాడుతున్నాడు. ఖమ్మంలో డాక్టరు చూసి ఒంట్లో నీరు లేదన్నాడు. అలా ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆవిడ మోకాలికి మూరెడు దూరంలో కుండ ఉంది.

ఆ సాయంత్రం వంటాయన చేత రెండు కుండల మూతలూ తీయించి చూశాను. వెనక కుండ అడుగంటింది. ముందు కుండ పొద్దున నింపినట్టే ఉంది. రెండింటికీ ఎండ ఒకటే, దారి ఒకటే, మనుషుల వయసు కూడా ఒకటే. ఆ తర్వాతి యాత్రలోనూ చూశాను. అంతే. శ్రీశైలం దారిలోనూ అంతే. బస్సు ఎక్కేరోజు తెల్లవారుజామున కాఫీ కూడా మానేసి వస్తారని వంటాయన చెప్పాడు. కారణం వెతకడానికి డిప్లొమా అక్కర్లేదు. బస్సు ఆపమని అడగాలంటే డ్రైవరుతో అడగాలి, లేదా నాతో. ఇద్దరం మగవాళ్ళం. వెనక సీట్ల నిండా మగవాళ్ళు. వాళ్ళకు అవసరమైతే "ఆపవయ్యా" అని ఒక్క కేక వేసేవారు, దిగి రోడ్డు పక్కనే నిలబడేవారు. ముందు సీట్లవాళ్ళు అప్పుడు కిటికీకి అవతలివైపు చూస్తూ కూర్చునేవారు.

యజమానితో చెప్పాను. ప్రతి యాత్రకూ ఒక ఆడమనిషి కావాలని, ఆవిడ ముందు తలుపు దగ్గర కూర్చోవాలని, చాటున్న చోట్లు నేనే దారంతా చూసి గుర్తుపెట్టుకున్నానని. ఆయన పళ్ళపుల్ల నములుతూ విన్నాడు. పెద్దావిడ ఒరిగిపోయిన సంగతి ఊళ్ళో పాకిందేమో, ఒప్పుకున్నాడు.

అలా మరుసటి వేసవి మొదట్లో వచ్చిందామె. నాంపల్లి మనిషి. నలభై దాటి ఉంటుంది. ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆయాగా చేసేది, అది మూతపడింది; మాకందరికీ ఆయమ్మ అయింది. భర్త లేడు. స్టేషన్ వెనక తమ్ముడింట్లో వసారాలో ఉండేది, మరదలి నోటికి దడిచి పగలంతా బయటే తిరిగేది. ఆమెకు కావలసింది ఒక్కటే: గది. రెడ్‌హిల్స్‌లో ఒక ఇంటి వెనక ఒంటిగది చూసుకుంది. తలుపుకు లోపలినుంచి గడియ ఉందట, అది నాకు రెండుసార్లు చెప్పింది. కానీ నెలజీతం లేని ఒంటరి ఆడదానికి గది ఇవ్వనన్నాడు ఆ ఇంటాయన. మా యజమాని ఆమెకు మాటిచ్చాడు. ఈ వేసవంతా యాత్రల లెక్కన పనిచెయ్యాలి. ఒక్క కంప్లయింటు లేకుండా గడిస్తే నెలజీతం మీద పర్మనెంటు. ఆమె పోయి ఇంటాయనకు అదే చెప్పింది. వేసవి చివరిదాకా గది ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు.

మొదటి యాత్రలో ఆమె సీటు సీటుకూ పోయి వంగి చెవిలో అడిగింది. అందరూ తల అడ్డంగా ఊపారు. నాకేం అవసరం లేదమ్మా అన్నారు. ఒకావిడైతే, నిన్ను నేనేమన్నా అడిగానా అని ముఖం తిప్పుకుంది. కుండ నిండుగానే తిరిగొచ్చింది.

అడగడమే ఇబ్బందైతే అడగక్కర్లేని ఏర్పాటు చేద్దామనుకున్నాను. ట్రూప్ బజార్లో సామాను కొని, ముందు సీట్లలో ప్రతి కిటికీ కింద ఒక బొత్తాం బిగించి, సీట్ల కింద తీగ లాగి, డ్రైవరు తల దగ్గర బజర్ పెట్టాను. ఒక ఆదివారమంతా పట్టింది. ఎవరు నొక్కినా మోగేది ఒకటే బజర్, ఎవరు నొక్కిందీ తెలియదు. పనితనంలో లోపం లేదు. బస్సెక్కిన ఆడవాళ్ళకు చూపించి బస్సు ఆపాలంటే ఇది నొక్కండి అన్నాను.

"బస్సెందుకు ఆపాలి నాయనా?" అని ఒకావిడ నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

భద్రాచలం దాకా బజర్ ఒక్కసారీ మోగలేదు. పక్కన కూర్చున్నామె చూస్తుంది కదా, మోగితే పక్కనామెకు తెలుస్తుంది కదా. ఈ సంగతి సర్క్యూట్ గీసినప్పుడు నాకు తట్టలేదు.

తర్వాతి యాత్రలో సూర్యాపేట దాటాక, నేను గుర్తుపెట్టుకున్న చింతతోపు దగ్గరికి రాగానే, బజర్ మోగింది. నొక్కింది ఆయమ్మ.

"సార్, జర ఆపుమను. నాకు పోవాలె."

మెల్లగా కాదు, వెనక సీట్లదాకా వినపడేట్టు అంది. డ్రైవరు పాతబస్తీవాడు, నోరు ఊరుకోదు. నీ ట్యాంకీ లీకవుతుందా ఏందక్కా అన్నాడు. నీ రేడియేటరుకు నీళ్ళు పొయ్యనీకి ఎన్నిసార్లు ఆపుతవో నేనడిగిన్నా అని ఆమె దిగిపోయింది. దిగి, రెండడుగులు వేసి, వెనక్కి చూసింది. అప్పుడు ముందు సీట్లో ఒక పెద్దావిడ లేచింది.

"ఒక్కతే ఎలా పోతుంది పాపం. తోడుండాలి కదా."

ఆవిడ వెంట ఇంకొకావిడ. ఆవిడకు చెయ్యూతగా మరొకావిడ. చివరికి ముందు సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. అందరూ ఆయమ్మకు తోడు వెళ్ళారు. తిరిగొచ్చి కూర్చున్నాక ఒకరి తర్వాత ఒకరు చెంబు కుండ కింద పెట్టారు. కుళాయి శబ్దం నాకు వెనకదాకా వినపడింది.

ఆ వేసవి అలాగే నడిచింది. దారిలో అనువైన ప్రతిచోటా ఆమెకే అవసరం వచ్చేది. వెనక సీట్ల మగవాళ్ళకు అదొక కాలక్షేపం అయింది. ఈ ఊరు దాటగానే మోగుతుంది చూడండి అని పందేలు కట్టుకునేవారు. ముందు సీట్లవాళ్ళు కూడా ఊరుకోలేదు. చూపించుకోవే మంచి డాక్టరుకి, ఏం జబ్బో ఏమో అని దిగేటప్పుడు ఆమె భుజం మీదే చెయ్యేసుకుని అనేవారు. ఆమె నవ్వేది. చూపించుకుంటనమ్మా, జర మెల్లగ దిగు అనేది. ముళ్ళ కంపలున్నచోట ముందు తాను వెళ్ళి కర్రతో తట్టి చూసేది, దుప్పటి అడ్డం పట్టేది. ఎవరూ పైకి అనుకోని ఒప్పందం. కుండను మధ్యాహ్నం మళ్ళీ నింపాల్సి వచ్చేది. ఆ వేసవిలో ఒక్కరూ ఒరిగిపోలేదు. ఆ సంగతి గమనించింది బహుశా నేనొక్కణ్ణే.

వేసవి చివరి యాత్ర మళ్ళీ భద్రాచలం. సూపరింటెండెంటు దంపతులు ఈసారీ వచ్చారు. వైరా దాటాక వెనక టైరు పగిలింది. స్పేరు టైరు కూడా గాలి దిగి ఉంది. దాన్ని మోసుకుని క్లీనరు వైరా పోయి వచ్చేసరికి పొద్దు వాలింది. మేం చేరేటప్పటికి గుడి మూసేశారు. మర్నాడు పొద్దున్నే అందరికీ మంచి దర్శనం అయింది, గోదావరి స్నానాలయ్యాయి, పర్ణశాల చూశారు. కానీ మొదటిరోజు దర్శనం పోయిందన్న మాట తిరుగుదారంతా వెనక సీట్లలో నడిచింది. నోళ్ళలో నానుతూ నానుతూ, సూర్యాపేట వచ్చేసరికి ఆ మాటలోంచి టైరు జారిపోయింది.

నాంపల్లిలో దిగిన మర్నాడు వాళ్ళు ఆఫీసుకు వచ్చారు. సూపరింటెండెంటు ముందు, మరో ఇద్దరు పెద్దమనుషులు వెనక, వాళ్ళ భార్యలు ఆ వెనక. ఆ మెట్లు ఎక్కడానికి ఆడవాళ్ళకు చాలాసేపు పట్టింది. జీతం సంగతి మాట్లాడుకోవడానికి ఆయమ్మ కూడా ఆ పొద్దునే వచ్చింది. జుట్టుకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని ఫైలు చదివినట్టు చదివాడు: ఈవిడకేదో రోగముంది, ఊరూరా బస్సు ఆపించింది, అందుకే దర్శనం పోయింది, ముసలివాళ్ళకు సాయం చెయ్యాల్సిన మనిషికి మావాళ్ళే తోడు పోవాల్సి వచ్చింది.

టైరు గురించి చెప్పాను. ఆలస్యంలో ఎంత భాగం టైరుది, ఎంత భాగం మిగతాచోట్ల ఆగడానిది అన్నది విడదీసి చెప్పాను. స్పేరు టైరు మార్చమని బయలుదేరే ముందే అడిగానని కూడా చెప్పాను.

"టైరు మీద కంప్లయింటు రాలేదు కదయ్యా," అన్నాడు యజమాని.

మరి ప్రతిసారీ ఆడవాళ్ళందరూ దిగారు కదా అన్నాను. అంతకంటే విప్పి ఎలా చెప్పాలో తెలియక పెద్దావిడ వైపు చూశాను. క్రితం వేసవిలో ఒరిగిపోయిన ఆవిడ. ఈసారి యాత్రలో అందరికంటే ఎక్కువసార్లు చెంబు నింపుకున్న ఆవిడ. ఆవిడ గోడమీది క్యాలెండర్లో లక్ష్మీదేవిని చూస్తోంది.

"దిగరా మరి?" అన్నాడు సూపరింటెండెంటు. "ఆడది ఒక్కతే పొదల్లోకి పోతుంటే చూస్తూ కూర్చుంటారా? అది మా ఇళ్ళలో మర్యాద బాబూ. నీకు తెలియకపోతే ఇంట్లో అడుగు."

యజమాని ఆయమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా? బస్సు ఆగిందంతా నీకోసమేనా?"

ఆమె ముగ్గురు ఆడవాళ్ళనూ వరసగా చూసింది. ఒక్కరైనా తల ఎత్తుతారేమోనని చూసినట్టుంది. పెద్దావిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. లాక్కోవాల్సినంతగా అది జారలేదు.

"ఔ సార్," అంది ఆయమ్మ. "నాకోసమే."

"మరింక నేను చేసేదేముంది," అన్నాడు యజమాని, ఆమెతో కాదు, సూపరింటెండెంటుతో. వాళ్ళకు కాఫీలు తెప్పించమని నాకు చెప్పాడు.

వాళ్ళు దిగిపోతుంటే నేను మెట్ల దగ్గరే ఉన్నాను. మగవాళ్ళు ముందు వెళ్ళిపోయారు. పెద్దావిడకు మెట్లు దిగడం ఎక్కడంకంటే కష్టం. అలవాటుగా ఆయమ్మ చెయ్యి అందించింది, అలవాటుగా ఆవిడ పట్టుకుంది. మలుపు దగ్గర ఆవిడ గొంతు తగ్గించి, ఏమనుకోకే అమ్మాయ్ అంది.

"నేనేమనుకుంటనమ్మా," అంది ఆయమ్మ. "గాని ఇగ మీరు నీళ్ళు తాగకుండ్రి. ఆపెటోళ్ళు ఉండరు."

కింద ఆవిణ్ణి రిక్షా ఎక్కించి, చీర చక్రంలో పడకుండా సర్ది, మళ్ళీ పైకి వచ్చి తన దుప్పటి తీసుకుంది. గది సంగతి ఏం చేస్తావని అడిగాను. సామాన్ కట్టి పెట్టిన సార్, మల్ల ఇప్పుకుంట, అంతే గదా అంది. నేను ఇంటాయనతో మాట్లాడతానన్నాను, ఆమె వెంట రెడ్‌హిల్స్ దాకా వెళ్ళాను కూడా. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఉద్యోగం దొరికాక రమ్మన్నాడు. ఆమె ఆ గది కిటికీలోంచి ఒకసారి లోపలికి చూసి వచ్చింది. తర్వాత కోఠి వైపు ఏదో ఇంట్లో బాలింతకు చాకిరీకి కుదిరిందని విన్నాను. వసారాలోనే ఉంటోందని కూడా.

వాళ్ళు ఆఫీసుకు వచ్చిన రోజు సాయంత్రమే యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. బొత్తాలు, కుండ, తోడు, అంతా. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నాకు తెలియదనుకున్నావా ఇంజనీరూ? మా అమ్మ బెజవాడలో రైలెక్కితే నాంపల్లిలో దిగేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టదు. తెలిసి ఏం చేస్తాం? టిక్కెట్టు కొనేది మొగుళ్ళు, కొడుకులు. వాళ్ళు మెట్లెక్కి వచ్చి అడిగితే నేను కాదనగలనా?"

ఆ ఆడవాళ్ళు కూడా మెట్లెక్కి వచ్చారని అనబోయి మానుకున్నాను. వచ్చి ఏం చేశారో ఇద్దరం చూశాం.

ఆయమ్మ స్థానంలో ఎవర్నీ పెట్టలేదు. దసరాకు ముందు మరో భద్రాచలం యాత్ర. ఎండ తగ్గలేదు. సూర్యాపేట దాటాక చింతతోపు కనపడగానే నేనే వెళ్ళి ముందు కిటికీ కింద బొత్తాం నొక్కి, అందరికీ వినపడేట్టు, ఆపు, నాకు వెళ్ళాలి అన్నాను. అక్క బీమారీ మీకంటిందా సార్ అని డ్రైవరు నవ్వాడు. వెనక సీట్లలోంచి మగవాళ్ళు బిలబిలా దిగారు. నేను తోపులోకి నడిచి, ఒక చెట్టు వెనక ఊరికే నిలబడి, రోడ్డు వైపు చూశాను. ముందు తలుపులోంచి ఒక్క చీర కూడా దిగలేదు. ఒక మగవాడికి తోడు వెళ్ళే మర్యాద ఏ ఇంట్లోనూ లేదు. నేను తిరిగి ఎక్కేటప్పుడు ఒకావిడ, కానీండి బాబూ, ఎండలో ఎంతసేపూ అంది.

సాయంత్రం సత్రం వాకిట్లో వంటాయన ముందు కుండను చట్రంతో సహా దించి, మొయ్యలేక విసుక్కుంటూ, కుళాయి తిప్పి నీళ్ళన్నీ నేలమీదికి వదిలేశాడు. చాలాసేపు పారాయి. ముందు సీట్లలోంచి దిగినవాళ్ళు కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, ఆ తడిని దాటుకుంటూ, వీలైనంత త్వరగా పెరటివైపు నడిచారు.